పాలు పొంగితే హాలు నవ్వుతుంది!

తెర మీద విలన్ పిస్తోలు తీశాడనుకోండి. హాల్లో జనం తాపీగా పాప్‌కార్న్ నములుతూ చూస్తారు. వాడు కాలుస్తాడనీ, హీరోకి తగలదనీ పసిపిల్లలకి కూడా తెలుసు. అదే తెర మీద పాలగిన్నెలో నురగ అంచుదాకా వచ్చిందనుకోండి... మూడో వరుసలోంచి ఓ ఆవిడ “అయ్యయ్యో, స్టవ్ కట్టెయ్యవే!” అని అరిచేస్తుంది. పక్కనున్న శ్రీవారు తల దించేసుకుంటారు. వెనక వరుస కుర్రాళ్లు ఈల వేస్తారు. పిస్తోలుకి లేని సస్పెన్సు పాలగిన్నెకి ఉందన్నమాట!

ఎందుకంటారా? పిస్తోలు మన ఇళ్లలో లేదు. పాలగిన్నె ఉంది. అంతే.

ఈ కిటుకు తెలుగు సినిమాకి మొదట్నుంచీ తెలుసు. 1955లో “మిస్సమ్మ”లో ఉద్యోగం కోసం ఇద్దరు గ్రాడ్యుయేట్లు మొగుడూ పెళ్లాల్లా నటించడం తప్ప పెద్ద కథేముంది చెప్పండి? కత్తులు లేవు, చావులు లేవు. ఒక కొంపలో ఇద్దరు పడే అవస్థ! దాన్నే తిరగేసి బాపు, రమణలు 1991లో “పెళ్లి పుస్తకం” తీశారు. అందులో నిజం మొగుడూ పెళ్లాలు ఉద్యోగం కోసం పెళ్లి కానివాళ్లలా నటిస్తారు. రెండూ ఇప్పటికీ టీవీలో వస్తే రిమోట్ పక్కన పెట్టేసే ఇళ్లు కోకొల్లలు.

మరి ఇప్పుడో? “ఇంటిల్లిపాదీ నవ్వుకునే సినిమాలు రావడం లేదండీ” అని ఎవర్ని కదిపినా ఇదే పాట. సరే, సినిమాల్లో కరువైంది సరే, అసలు ఇళ్లలో ఆ కామెడీ మిగిలుందా లేదా? అది చూద్దామని నాలుగు ఆదివారాలు చందానగర్‌లో గుమ్మం గుమ్మం తిరిగాను. అడిగింది ఒక్కటే ప్రశ్న: “ఈ వారం మీ ఇంట్లో జరిగిన కామెడీ ఏమిటి?”

చందానగరే ఎందుకంటే, దానికో లెక్కుంది. ముంబయి హైవే మీద మియాపూర్‌కీ లింగంపల్లికీ నడుమ ఉన్న పేట అది. ఒక పక్క 1960లలో వెలసిన బి.హెచ్.ఇ.ఎల్. ఫ్యాక్టరీ, దాని టౌన్‌షిప్పు. ఇంకో పక్క, 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీ. మధ్యలో రైలు పట్టాలు, ఆ పట్టాల మీద 2003 నుంచి ఎం.ఎం.టి.ఎస్. బండి. ఇంకేముంది... ఫ్యాక్టరీ షిఫ్టుకి నలభై ఏళ్లు లేచి అలవాటుపడి రిటైరయ్యాక కూడా తెల్లారి నాలుగింటికే స్నానం చేసేసే పెద్దాయనా, అమెరికావాళ్ల టైముకి పనిచేసి అదే నాలుగింటికి పడుకునే కుర్రాడూ ఒకే అపార్ట్‌మెంటులో, ఒక్కోచోట ఒకే ఫ్లాటులో ఉంటారు. తెనాలి వాళ్లు, కరీంనగర్ వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఒకే లిఫ్టు ఎక్కుతారు. జంధ్యాల బతికుంటే కెమెరా ఇక్కడే దింపేవారు.

రైలు కూత కాదు... పప్పు కూత!

రెండో ఆదివారం దొరికింది అసలైన ముత్యం. ఆ ఇంట్లో కొడుకు, కోడలు ఇద్దరూ సాఫ్ట్‌వేరే. ఆ రోజు కోడలు ఆఫీసుకి వెళ్లింది. కొడుకు ఇంట్లోంచే పని. సాయంత్రం వాళ్లమ్మగారు గుడికి బయల్దేరుతూ, “ఒరేయ్, కుక్కర్లో పప్పు పెట్టాను. మూడు కూతలు రాగానే కట్టెయ్” అని చెప్పి వెళ్లింది. అబ్బాయి “ఊఁ” అన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్నాయని ఆవిడ గమనించలేదు. ఏదో చెప్పిందని అతనూ గమనించలేదు.

మూడు కూతలు అయ్యాయి. అయిదయ్యాయి. ఏడో కూతకి అవతల అమెరికా ఆయన మీటింగు ఆపి, “మీ ఇంటి పక్కన రైలు వెళ్తోందా?” అని అడిగాడట పాపం, ఎంతో మర్యాదగా. మనవాడు తడుముకోలేదు. “అవునండీ, మా ఇల్లు స్టేషన్ పక్కనే” అన్నాడు. అబద్ధం కూడా కాదు, చందానగర్ స్టేషన్ నిజంగానే రెండు వీధుల అవతల ఉంది! అంతలో వెనకనుంచి తాతగారు తువ్వాలు కట్టుకుని కెమెరాలోకి నడిచొచ్చి, “ఏదో మాడుతున్న వాసనొస్తోంది, నీ కంప్యూటరేనేమో చూసుకో” అన్నారు. మీటింగులో ఉన్న పదకొండు మందీ ఆ మాట విన్నారు. అందులో నలుగురు తెలుగువాళ్లు. ఇక చెప్పాలా!

గుడినుంచి వచ్చిన తల్లి ఏమందో తెలుసా? “పప్పు పోతే పోయింది. రైలని చెప్పాడు చూడండి, వాడికి తెలివి ఉంది” అని మురిసిపోయింది. కోడలు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంది. నాకు చెబుతున్నప్పుడు ఆమెకి రెండుసార్లు పొలమారింది.

ఈ కథలో వెధవ ఎవరు? ఎవరూ కారు. తల్లి చెప్పాల్సింది చెప్పింది. కొడుకు తన పనిలో ఉన్నాడు. తాతగారు వాసన చూసి నిజమే చెప్పారు. ఎవరి దారిన వాళ్లు సక్రమంగా నడుస్తుంటే నడిమధ్యన పప్పు మాడింది. ఇంటి కామెడీకి ఇదే మూలసూత్రం. దీన్ని తెర మీద జంధ్యాలంత బాగా ఎరిగినవాడు ఇంకొకడు లేడని నేను పందెం కాస్తాను.

అలవాటే హీరో

నరసాపురంలో 1951లో పుట్టి, 2001లో యాభయ్యేళ్లకే వెళ్లిపోయిన జంధ్యాల తన పాత్రలకి పెద్ద పెద్ద ఆశయాలేమీ ఇవ్వలేదు. తలా ఒక అలవాటు ఇచ్చాడు. ఆ అలవాటుని పట్టుకుని రబ్బరులా లాగాడు. ఇంక తెగుతుంది అనుకున్నాక కూడా ఇంకో జానెడు లాగాడు!

“శ్రీవారికి ప్రేమలేఖ” (1984) గుర్తుందా? పొత్తూరి విజయలక్ష్మి గారి నవల ఆధారంగా తీసిన చిత్రం. అందులో శ్రీలక్ష్మికి సినిమా పిచ్చి. చూసొచ్చిన సినిమా కథ చెప్పమంటే టైటిల్స్‌తో సహా మొదలెడుతుంది! వినేవాళ్లు గిలగిల కొట్టుకుంటారు. చందానగర్‌లో ఒక ఇంటర్ చదివే అమ్మాయి నాతో, “మా చెల్లి అంతే అంకుల్. సినిమా నుంచి వచ్చి రాత్రి పన్నెండు దాకా కథ చెప్తది. మేం పక్క సీట్లోనే కూర్చుని చూసినం అన్నా ఇనదు” అని వాపోయింది. ఆ పిల్ల శ్రీలక్ష్మిని ఎరగదు. శ్రీలక్ష్మి మాత్రం ఆ ఇంట్లోనే ఉంది.

“సుత్తి కొట్టకు” అని మీరు రోజూ అంటుంటారే, ఆ మాటకి జనంలో అంత ఊపు తెచ్చింది కూడా ఆయన “నాలుగు స్తంభాలాట” (1982). వీరభద్రరావు, వేలు ఇద్దరికీ ఆ సినిమాతో “సుత్తి” ఇంటిపేరై కూర్చుంది.

ఇక “అహ నా పెళ్లంట!” (1987) సంగతి వేరే చెప్పక్కర్లేదు. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని చూరుకి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తిన్న దృశ్యం! 2025 జూలైలో కోట కన్నుమూశారని తెలిసినప్పుడు, ఆయన చేసిన అన్ని విలన్ వేషాలనీ దాటుకుని చాలామందికి ముందు గుర్తొచ్చింది ఆ కోడే. నేను వెళ్లిన ఒక ఇంట్లో తండ్రికి పిల్లలు పెట్టిన రహస్యం పేరు “లక్ష్మీపతి”. పాపం ఆయనేమీ పిసినారి కాడు. గదిలోంచి మనిషి బయటికి రాకముందే లైటు ఆర్పేస్తాడు, అంతే. స్నానాల గదిలో మనిషి ఉండగా కూడా! లోపలున్న వాళ్లు అరుస్తారు, ఆయన వెలిగిస్తాడు, రెండు నిమిషాలకి చెయ్యి ఊరుకోక మళ్లీ ఆర్పుతాడు. “నాన్న ఊరెళ్తే ఇల్లు దీపావళి అంకుల్” అన్నాడు చిన్నవాడు. ఆ తండ్రి అక్కడే కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే లేచి ఫ్యాను ఆపాడు.

పప్పు మాడ్చే హీరో ఏడీ?

మరి ఇంత సరుకు ఇళ్లలో పోగుపడి ఉంటే తెరకెందుకు ఎక్కడం లేదు? నాకు తోచిన కారణం ఒకటుంది. పెద్ద హీరోగారు పప్పు మాడ్చడు! ఆయన వస్తుంటే జీపులు లేస్తాయి, దుమ్ము లేస్తుంది. అలాంటాయన కుక్కరు కూతలు లెక్క తప్పితే అభిమానులు ఊరుకుంటారా? ఇంటి కామెడీకి ఓడిపోయే హీరో కావాలి. నరేష్ ఓడిపోయేవాడు. రాజేంద్రప్రసాద్ అయితే ఓడిపోవడంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. అంతెందుకు, “గుండమ్మ కథ” (1962)లో రామారావు అంతటి నటుడు నిక్కరు తొడుక్కుని రుబ్బురోలు ముందు కూర్చున్నాడు. అప్పటికే ఆయన తెర మీద కృష్ణుడు. అయినా పిండి రుబ్బితే ఆయన కిరీటం ఏమీ ఊడలేదు, సినిమా ఇంకా గట్టిగా ఆడింది.

రెండో కారణం కాస్త చేదుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఈమధ్య ఇంటి గొడవ మీద సినిమా తీస్తే నవ్వు మొత్తం ఒక్కవైపే పడుతోంది. 2019లో “ఎఫ్2” వచ్చింది. వెంకటేష్ విసుగు చూసి హాలు ఊగిపోయింది. నేనూ నవ్వాను, కాదనను. వెంకటేష్ మొహంలో ఆ నిస్సహాయత చూస్తే ఎవరికైనా నవ్వు రావాల్సిందే. కానీ పెళ్లయితే మగాడికి నరకం అన్న ఒక్క మాట మీద ఎంతసేపు నవ్వుతాం? చందానగర్‌లో మొగుళ్లని అడిగితే ఆ సినిమా పేరే చెప్పి పడీపడీ నవ్వారు. పెళ్లాలు ఊరికే చూస్తూ కూర్చున్నారు. ఒక అమ్మాయి, పెళ్లయి రెండేళ్లయిందట, కూర తరుగుతూ తల ఎత్తకుండానే అంది: “సినిమాలో పెళ్లాం ఎప్పుడూ గొడవ పెట్టుకుంటుందండీ. ఎందుకు పెట్టుకుందో చెప్పేలోపు పాట వచ్చేస్తుంది.”

ఆ మాటకి వాళ్లాయన నవ్వడం ఆపేశాడు. తర్వాత తనే లేచి వెళ్లి నాకు టీ పెట్టుకొచ్చాడు. పంచదార వెయ్యడం మర్చిపోయాడు. అది వేరే సంగతి.

నిజానికి ఈ గొడవ తీర్చిన పెద్దలు మనకి లేకపోలేదు. మునిమాణిక్యం నరసింహారావు గారు “కాంతం” కథలు రాసిన రోజుల్లో టీవీలు కాదు, చాలా ఊళ్లలో కరెంటే లేదు. ఆ కథల్లో మొగుడు తనని తానే ఎగతాళి చేసుకుంటాడు. కాంతం ఒక్క మాటతో ఆయన గాలి తీసేస్తుంది. చదివే మొగుడూ నవ్వుతాడు, వినే పెళ్లామూ నవ్వుతుంది. సినిమాల్లో దానికి దగ్గరగా వచ్చింది బాపుగారి “మిస్టర్ పెళ్లాం” (1993). పెళ్లాం ఉద్యోగానికి వెళ్తుంది, మొగుడు వంటింట్లో చేరతాడు. అప్పుడు తెలుస్తుంది అయ్యగారికి, గరిటె బరువెంతో! ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి తెచ్చుకున్న సినిమా అది. అప్పట్లో జనం దాన్ని వింతగా చూశారు. ఇవాళ చందానగర్‌లో ఉదయం ఎనిమిదింటికి ఏ మెట్ల మీద నిలబడినా కనిపించేది అదే. ఒక చేత్తో పిల్ల జడ వేస్తూ, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా మూత వెతికే తండ్రి! డబ్బాలు తొమ్మిది ఉంటాయి, మూతలు పద్నాలుగు ఉంటాయి, ఒక్కటీ దేనికీ పట్టదు. ఇది ఏ డైరెక్టరూ తియ్యడేం? ఇందులో గ్రాఫిక్స్ ఖర్చు కూడా లేదే!

చిన్నతెర వాళ్లు మాత్రం ఈ ముక్క పట్టుకున్నారు. 2001 నుంచి 2007 దాకా ఆదివారం రాత్రి అయితే చాలు, జెమినీలో “అమృతం” కోసం వీధులు ఖాళీ అయ్యేవి. గుణ్ణం గంగరాజు ఆ సీరియల్‌కి ఒక హోటలు, ఇద్దరు స్నేహితులు, ఒక ఇంటి ఓనరు అప్పాజీ ఉంటే చాలనుకున్నారు. చాలింది! 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన “90స్” కూడా అంతే. లెక్కల మాస్టారు శివాజీ, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, నెలాఖరు. జనం ఎగబడి చూశారు. హీరో ఎంట్రీ లేకుండా, ఫైటు లేకుండా!

ఆవకాయ సీనుకి రీటేకు లేదు

పొరపాట్లే కాదు, చిన్న చిన్న సుఖాలు కూడా ఇళ్లలో బోలెడు. వాటిని చూపించడం ఇంకా కష్టం. తనికెళ్ల భరణి 2012లో శ్రీరమణ కథ “మిథునం” తీసినప్పుడు, రెండే పాత్రలతో సినిమా అంటే నమ్మినవాళ్లు తక్కువ. బాలు, లక్ష్మి ఇద్దరూ వండుకోవడం, తినడం, దెబ్బలాడుకోవడం, మళ్లీ తినడం! హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు జనానికి ఆకలి వేసింది. సినిమాకి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

మే నెలలో చందానగర్ అపార్ట్‌మెంట్లలోకి వెళ్లండి, తెలుస్తుంది. కింద పార్కింగులో చాప వేసి కొట్టించిన మామిడికాయ ముక్కలు తుడుస్తుంటారు. గుంటూరు అత్తయ్యగారు ఆవపిండి పాళ్లు చెబుతారు. కరీంనగర్ అక్క, “గట్లెట్ల, అల్లంవెల్లుల్లి లేకుంట ఏం తొక్కు అది?” అంటుంది. ఇద్దరూ అరగంట వాదించుకుని, చివరికి ఎవరి జాడీ వాళ్లు పెట్టుకుని, సాయంత్రానికి ఒకరి గిన్నె ఒకరింటికి పంపుకుంటారు. మధ్యలో ఒక కుర్రాడు ఆఫీసు నుంచి వచ్చి, కొత్త కారు పెట్టుకుందామని చూస్తే తన పార్కింగులో మామిడికాయలు ఆరుతూ ఉంటాయి. హారను కొట్టబోయి ఆగిపోతాడు. అవతల కూర్చున్నది వాళ్ల అత్తగారు.

వేడి వేడి అన్నంలో ఆ కొత్తావకాయ కలిపి, నూనె ఓడుతుండగా జాడీ అడుగు తుడిచి పెట్టే మొదటి ముద్ద ఉంది చూశారూ... సరే, వదిలేద్దాం. రాస్తుంటేనే నోరూరుతోంది.

ఆరు టిక్కెట్లు

చివరి ఆదివారం విన్న కథతో ముగిస్తాను. ఒక ఇంట్లో తాతగారు, నాయనమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. అందరికీ ఒకేసారి సెలవు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఎలాగో ఒక ఆదివారం కుదిరింది. అబ్బాయి ఫోన్‌లో ఆరు టిక్కెట్లు తీశాడు, మాటినీకి. నాయనమ్మ పులిహోర కలిపి, అరటాకులో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో మందుల కింద దాచింది. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు బ్యాగు తెరిచి, “అమ్మా, బయటి తిండి లోపలికి తీస్కపోవద్దమ్మా” అన్నాడు. “తిండి కాదు నాయనా, ప్రసాదం. నువ్వూ తీసుకో” అంది ఆవిడ. ఆ కుర్రాడు ప్రసాదం కళ్లకద్దుకున్నాడు. ఇంక వద్దనడం ఎలా?

అక్కడిదాకా బాగానే ఉంది. టిక్కెట్టు చూసేవాడు ఫోన్ చూసి, “సార్, ఇవి రేపటివి” అన్నాడు.

ఆ క్షణాన ఆ కొడుకు మొహం ఎలా ఉందో కోడలు నాకు చేసి చూపించింది. రాజేంద్రప్రసాద్ కూడా అంత బాగా చెయ్యలేడు. ఆ రోజు షో హౌస్‌ఫుల్. పిల్లలు ఏడుపు. తాతగారు మౌనం. ఆరుగురూ ఇంటికొచ్చి, టీవీ ముందు కూర్చుని పులిహోర తిన్నారు.

మర్నాడు సోమవారం. కొడుకుకి ఆఫీసు, కోడలికి ఆఫీసు, పిల్లలకి బడి. “డబ్బులు పోతే పోయాయి” అన్నాడు కొడుకు. “ఎందుకు పోవాలి?” అన్నారు తాతగారు. ఇస్త్రీ చొక్కా తీశారు. మధ్యాహ్నం ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్లారు. ఆరు సీట్లు, ఇద్దరు మనుషులు. ఒక సీట్లో నాయనమ్మ బ్యాగు పెట్టుకుంది. ఒక సీట్లో తాతగారు గొడుగు పెట్టారు. మిగతా రెండూ ఖాళీ. ఇంటర్వెల్లో ఆయన వెళ్లి రెండు ఐస్‌క్రీములు తెచ్చారట. “ఎంతయిందండీ?” అని ఈవిడ నాలుగుసార్లు అడిగినా ఇప్పటిదాకా ధర చెప్పలేదు.

“పెళ్లయిన కొత్తలో తెనాలిలో వెళ్లాం బాబూ, ఇద్దరమే. తర్వాత మరిది, ఆడపడుచు, పిల్లలు, మనవలు... ఎప్పుడూ గుంపే. మళ్లీ ఇద్దరమే వెళ్లడం ఇదే” అంది నాయనమ్మ.

“సినిమా ఎలా ఉందండీ?” అని అడిగాను.

ఆవిడ తాతగారి వంక చూసింది. ఆయన కిటికీ వంక చూశారు.

“సినిమా ఏమంత లేదు” అంది. “సీట్లు బాగున్నాయి.”